తుప్పు రంగు చొక్కాలు

తెల్ల చొక్కాలు తుప్పు రంగుకు తిరగడం ఆమె తప్పు. ఆ ఇంట్లో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి. విచారణ అయిపోయింది. శిక్ష మాత్రం వారం వారం నడుస్తూనే ఉంది.

ఆ ఉదయం కూడా ఆమె పెరట్లో బకెట్ ముందు కూర్చుని కాలర్లు రుద్దుతోంది. బోరు నీళ్ళు పట్టినప్పుడు తేటగానే ఉంటాయి. కాసేపు గాలి తగిలితే అడుగున ఎర్రటి మడ్డి దిగుతుంది. వీధి వీధంతా తాగేది ఆ నీళ్ళే.

"బ్లీచింగు ఇంకాస్త వెయ్యి. పొదుపంతా నా కొడుకు చొక్కాల మీదేనా?" అంది అత్త గుమ్మంలోంచి.

"వేస్తే మరక ఇంకా ముదురుతుందత్తయ్యా. నీళ్ళలో ఇనుముంది."

"ఆహా! మా చేతుల్లో సత్తువ ఉండేది, మీకు నీళ్ళలో ఇనుముంది. నీళ్ళ డాక్టరమ్మవి కదా, ఆ బకెట్ నాడి కూడా పట్టుకు చూడు."

లోపల్నుంచి భర్త పగలబడి నవ్వాడు. అత్తే వచ్చి గుప్పెడు బ్లీచింగు పోసి వెళ్ళింది. చొక్కా కళ్ళముందే మరింత ఎర్రబడింది. అదీ ఆమె ఖాతాలోకే పోయింది.

భార్యాభర్తలిద్దరూ ఊరి పక్క బొగ్గు గనిలోనే పనిచేస్తారు. గని చుట్టూ దింపిన పరీక్ష పైపుల్లోంచి నీళ్ళు తోడి ల్యాబుకివ్వడం ఆమె పని. బొగ్గు అయిపోయిన గుంటను పూడ్పించడం అతని పని. పూడికకు ఒక వరస ఉంది. గాలీ నీరూ తగిలితే పులిసి నీళ్ళలోకి ఇనుమూ విషమూ కక్కే నల్లరాయిని నీటిమట్టానికి పైన, కిందా మీదా బంకమట్టి దట్టించి పెట్టాలి. ఆపైన పంట మట్టి పరవాలి. కిందటేడు వానలకు ముందు అతను ఆ రాయిని తిన్నగా గుంట అడుగుకే తోయించాడు. ఆ గొప్ప తనే భోజనాల దగ్గర చెప్పాడు. "నెల పని వారంలో లాగించేశా!" తల్లి మురిసిపోయి మారు వడ్డించింది. "ఆ రాయి నీళ్ళలో నానితే..." అని ఆమె అనబోతే, "నువ్వు తోడేదానివి, తోడు. గని సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఆమె కంచాలు తీసింది.

ఇవాళ ఆఖరి పరీక్ష. నీళ్ళు బాగున్నాయంటే పైపులు పీకేసి, భూమి అప్పగించి గనివాళ్ళు చేతులు దులుపుకుంటారు. బాగాలేవంటే పూడికంతా మళ్ళీ తవ్వాలి.

అతను బూట్లు కట్టుకుంటూ అన్నాడు. "వీధి వైపు పైపుకి మూత పగిలి వాన నీళ్ళు దిగాయి. పైపైన ముంచి పట్టుకురా. అద్దంలా ఉంటాయి."

"నిలవ నీళ్ళు తోడి పారబోశాక కదా పట్టాలి?"

"ఎవడు చూడొచ్చాడు? మొగుడి కొంప ముంచకు, అంతే."

దారంతా ఆమెకు మనసు నిలవలేదు. పొయ్యి ఆర్పానా అనుకుంది. ఆర్పింది. గడియ పెట్టానా అనుకుంది. పెట్టింది. మరి ఏది మరిచినట్టు? పైపు దగ్గర సీసా తీసింది, మళ్ళీ సంచిలో పెట్టింది. ఒక్కసారి ముంచితే చాలు, ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. ఎవరి నిమ్మళం? బాగున్నావా అని అడిగినవాళ్ళందరికీ ఇన్నేళ్ళూ ఆమె పైనీళ్ళే ముంచి ఇచ్చింది. బాగున్నానత్తయ్యా. బాగున్నానమ్మా. అడిగినవాళ్ళు అవే తాగి తృప్తిపడి పోయారు. అడుగున ఏముందో తోడి చూసినవాళ్ళు లేరు. ఆమె కూడా చూడలేదు, చూడాలంటే భయం. గని కట్ట అవతల, వీధి బోరు దగ్గర ఎవరో తల్లి చంటిదానికి దోసిలితో నీళ్ళు పడుతోంది.

ఆమె తాడు కట్టి తోడడం మొదలుపెట్టింది. తేట నీళ్ళు పారబోసింది. మళ్ళీ తోడింది, మళ్ళీ పారబోసింది. అరచేతులు కమిలాయి. నీళ్ళ పులుపు చూపే మీటరు మీద అంకె దిగుతూ పోయింది, ఎక్కడా కుదురుకోదు. చివరికి ఒకచోట ఆగింది. పుల్లటి నీళ్ళ అంకె అది. అప్పుడు సీసా నింపింది, బిరడా బిగించింది, తన పేరు రాసి ల్యాబులో ఇచ్చింది.

వారం తిరక్కుండా పూడిక తవ్వమని ఉత్తర్వు వచ్చింది. వీధికి ట్యాంకరు నీళ్ళు వచ్చాయి. అతన్ని పనిలోంచి పక్కన పెట్టారు. సాయంత్రం బూట్లతోనే పెరట్లోకి వచ్చాడు.

"నీళ్ళు అంత పాడయ్యాయని నాతో ముందే ఒక్క మాట అనొచ్చుగా!"

ఆమె తీగ మీది చొక్కా తీసి కాలర్ అతని కళ్ళకెదురుగా పట్టుకుంది.

"ఏడాదిగా అంటూనే ఉన్నా. మీరు నా ఉతుకు బాగాలేదన్నారు."

అత్త ఆ కాలర్ చూసి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

"కట్టుకున్నవాణ్ణి రోడ్డున పడేశావు. ఎందుకు చేశావో చెప్పు."

ఆమె చొక్కా మడత పెట్టలేదు. అలాగే అతని చేతిలో పెట్టింది.

"చెప్పాల్సిందంతా చెప్పేశాను. ఇక ఈ సంగతి నా నోట రాదు. ఇది మీరే ఉతుక్కోండి."

అతను తిట్టాడు. తర్వాత బతిమాలాడు. పెద్దల్ని కూర్చోబెట్టి అడిగించాడు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ సంగతి ఆమె నోట రాలేదు.