దీపాలక్క పెట్టిన ఇంటూ మార్కు

దీపాలక్కకి కోపం ముక్కుమీదే ఉంటుందని గనిలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. దీపాల గదిలో ఇరవయ్యారేళ్లు చాకిరీ చేసిన మనిషి. షిఫ్టుకి దిగేవాళ్లకి టోపీ దీపం ఇచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం ఆమె పని. తాగొచ్చినవాడికి మాత్రం దీపం బదులు నాలుగు తిట్లిచ్చి ఇంటికి పంపేది. అలాంటిది ఆ నల్లరాయి మీద చెక్కిన అక్షరాలు రెండుసార్లు చదువుకుని, "ఎవరు రాశారు నాయనా ఇది?" అని మెల్లగా అడిగింది. ఆమె మెల్లగా మాట్లాడితే భయపడాలని రాయి పెట్టించిన కంపెనీ కుర్ర ఆఫీసరుకి ఎవరూ చెప్పలేదు పాపం.

గని మూతపడి నాలుగేళ్లయింది. కంపెనీవాళ్లు పాత దీపాల గదికి రంగులు వేసి, గని చరిత్ర చూపించే హాలుగా మార్చారు. గోడల నిండా ఫొటోలు, బొగ్గు నింపి తోసే తుప్పు పట్టిన టబ్బు ఒకటి, నట్టనడుమ ఆ రాయి. ముప్పై ఏళ్ల కిందటి ప్రమాదం గురించి రాయి మీద ఇలా ఉంది: "కప్పు పరీక్షించవలసిన కార్మికుని నిర్లక్ష్యం వలన పదమూడవ గదిలో కప్పు కూలి, అతనితో సహా ముగ్గురు మరణించారు." ఆ కార్మికుడు దీపాలక్క మొగుడు.

"నేనే రాశానమ్మా. రిపోర్టులో అలాగే ఉంది," అన్నాడు ఆఫీసరు.

"రిపోర్టుకేం, రాసేవాడిష్టం. ఆయన ఆ గదికి ఇంటూ మార్కు పెట్టాడు."

"కాగితమేదైనా ఉంటే చూపించండి, మారుస్తాను."

"భూమి లోపల కప్పు మీద సుద్దతో పెట్టిన గుర్తుకి కాగితం ఎక్కణ్ణుంచి తేను? నీ బుర్ర బంగారంగానూ!"

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. రాయి చెక్కడం అయిపోయిందట, ఎల్లుండే ప్రారంభోత్సవమట. దీపాలక్కకి ఒళ్లు మండిపోయింది. మనిషి పోయి ముప్పై ఏళ్లయింది, ఏడ్చింది, అయిపోయింది. కానీ ఆయన్ని చేతకానివాడని రాయి మీద చెక్కి, రేపు స్కూలు పిల్లలందరితో చదివిస్తారా? ప్రాణం ఉండగా ఒప్పుకోనని అక్కడే గట్టిగా అనుకుంది.

అసలు సంగతి చెప్పాలి. బొగ్గు తవ్వే చోటుని గది అంటారు. తవ్వేవాళ్లకంటే ముందు కప్పు తట్టేవాడు లోపలికి వెళ్తాడు. ఒక అరచేయి కప్పుకి ఆనించి, రెండో చేత్తో ఇనప కడ్డీ పెట్టి తడతాడు. ఖణేల్‌మంటే భయం లేదు. డొల్ల చప్పుడొస్తే, లేదా చేతికింద రాయి అదిరితే, గది మొదట్లో సుద్దతో పెద్ద ఇంటూ పెడతాడు. దాన్ని పెట్టినవాడే తుడవాలి. అప్పటిదాకా మేనేజరుకి తాత దిగొచ్చినా ఎవడూ ఆ గుర్తు దాటి అడుగు వెయ్యడు. రాసుకున్న చట్టం కాదది, అంతకంటే గట్టిది.

ఆ రోజు ఆయన పొద్దుటి షిఫ్టు దిగొచ్చి కంచం ముందు కూర్చుంటూ, "పదమూడో గది డొల్లకొట్టిందే. ఇంటూ పెట్టొచ్చాను, రేపు కప్పుకింద దుంగలు నిలబెట్టాలి," అన్నాడు. ఇంతలో రెండో షిఫ్టువాళ్లని ఆ గదిలోకే పంపారని ఎవరో చెప్పారు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి పరుగెత్తాడు. లోపలికి దూరి, "బయటికి రండ్రా!" అని అరిచాడట. ఐదుగురిలో ముగ్గురు బయటపడ్డారు. మిగిలిన ఇద్దరితో పాటు ఆయనా ఉండిపోయాడు. ఆఖరుగా, కాళ్లు పట్టి లాగితే బయటికొచ్చినవాడికి తాబేలని పేరు పడింది. గుర్తేమైనా కనిపించిందా అని విచారణలో అడిగితే, "దేవుడిమీద ఒట్టు, లేదు," అన్నాడు తాబేలు. అబద్ధం చెప్పలేదు. వాళ్లు లోపలికి వెళ్లేటప్పటికి నిజంగానే లేదు. ఆ ఒక్క నిజమే ఆయన కొంప ముంచింది.

ప్రారంభోత్సవం రోజు పాత కార్మికులు ఎనభై మందిదాకా వచ్చారు. రిబ్బను కత్తిరించడానికి అప్పటి రెండో షిఫ్టు మేస్త్రీని కుర్చీలో కూర్చోబెట్టారు. గుమ్మం పక్కన బోర్డు మీద సుద్దతో స్వాగతమని రాసి, ముక్క అక్కడే వదిలేశారు. దీపాలక్క ఆ ముక్క తీసుకుని, ఖాళీ కుర్చీ ఒకటి గుమ్మం దగ్గరికి లాగింది.

"అక్కా, పడతావే!" అన్నాడు తాబేలు.

"పడితే నా నడుమే విరుగుద్ది, నీ మీద కొండేం కూలదులే," అంటూ కుర్చీ ఎక్కి, గుమ్మం పైన మూరెడు ఇంటూ మార్కు పెట్టి దిగింది.

ఎనభై మందీ ఉన్నచోటే ఆగిపోయారు. ఆఫీసరు రండి రండంటే ఒక్కడూ కదల్లేదు. అతనికి తల కొట్టేసినట్టయింది. "ఏంటండీ ఈ చాదస్తం!" అంటూ కుర్చీ ఎక్కి, జేబురుమాలుతో నాలుగు తుడుపులు తుడిచాడు. "అయిపోయింది. చూడండి, ఏమీ లేదు. ఇప్పుడు రండి."

తాబేలు నోరు వెళ్లబెట్టి ఆ గుమ్మాన్నే చూశాడు.

"అంటే... ఆ రోజు కూడా ఇలాగే తుడిచేశారా?" అన్నాడు. "నేను లేదనే చెప్పాను కదక్కా. ముప్పై ఏళ్లూ బావే పెట్టలేదనుకున్నాను. నన్ను బతికించినవాణ్ణి పట్టుకుని..." అంటూ గుమ్మం ముందు నేలమీద చతికిలబడ్డాడు. "నేను దాటను. ఎవణ్ణీ దాటనివ్వను."

అతని వెనక ఒక్కొక్కరే కూర్చున్నారు. దీపాలక్క మళ్లీ కుర్చీ ఎక్కి మళ్లీ ఇంటూ పెట్టింది. "తుడువు నాయనా, ఎన్నిసార్లు తుడుస్తావో. నాకు ఓపికుంది."

కెమెరాలవాళ్లు ఇటు తిరిగారు. చేసేదిలేక ఆఫీసరు జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు. "సరేనమ్మా, రాయి మార్పిస్తాను. ఏం రాయమంటారో చెప్పండి."

"ఆయన గుర్తు పెట్టాడు. దాన్ని తుడిచి మనుషుల్ని పంపారు. తెలిసి కూడా వాళ్లకోసం లోపలికి పోయాడు."

"తుడిచింది ఎవరని రాయాలి?"

దీపాలక్కకి అది తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆమెని తొలిచేసిన ప్రశ్న అదే. రిబ్బను పక్కన కుర్చీలో ఉన్న మేస్త్రీ కర్ర ఊతంతో లేచాడు.

"నేనేనమ్మా," అన్నాడు. "టబ్బులు తగ్గాయని మేనేజరు గారు ఫోనులో అరిచారు. తుడిచేసి పంపమన్నారు. తుడిచాను. ఆ రోజు నుంచీ కంటినిండా నిద్ర లేదు తల్లీ, నన్ను క్షమించు."

దీపాలక్కకి కర్ర లాక్కుని చావబాదాలనిపించింది. ముసలాడు ఏడుస్తుంటే అసహ్యమేసింది, జాలీ వేసింది, ఆ జాలి వేసినందుకు తనమీద తనకే కోపమొచ్చింది. క్షమించానని మాత్రం అనలేదు.

"మీ నిద్ర సంగతి తర్వాత. ఆ మేనేజరు పేరు చెప్పండి అన్నయ్యా. అందరికీ వినపడేలా."

మేస్త్రీ చెప్పాడు.

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. మెల్లగా తలెత్తి గుమ్మం పైకి చూశాడు. తెల్లటి ఇంటూకి సరిగ్గా జానెడు పైన, తళతళలాడే ఇత్తడి అక్షరాల్లో ఆ హాలుకి పెట్టింది ఆ పేరే.

"రాయి నాయనా, ఆగావేం?" అంది దీపాలక్క. "పెద్దవాళ్ల పేరే ముందు రాయాలి."