తురాయి పక్షులను కాచిన కొప్పెర

నేను ఒక ఇనుప కొప్పెరను. నలుగురు మనుషులు నాలో గొంతుక్కూర్చోగలరు, అంత పెద్దదాన్ని. ఇప్పుడు అడుగు చిల్లుపడింది గనుక ఆ ప్రయత్నం చేయకండి. నన్ను కలకత్తాలో పోత పోశారు. మొదట కొన్న ఆసామి పెద్దాపురం పక్క చెరకు రైతు. ఆయన దగ్గర ఉన్నంతకాలం నా ఒంటినిండా బెల్లం వాసనే, ఈగలు కూడా నన్ను గౌరవించేవి. ఆయన పోయాక కొడుకులు గరిటెలతో సహా అన్నీ పంచుకున్నారు. నన్ను మాత్రం మోయలేక కోరంగి రేవులో ఒక ఓడదొరకు అమ్మేశారు.

ఓడ దక్షిణానికి పోయి పోయి, చెట్టన్నది మొలవని ఒక చలిదీవి దగ్గర ఆగింది. నన్నూ, కొందరు కోరంగి కళాసులనూ, వాళ్ల మీద పెత్తనానికి ఒక దొరనూ ఒడ్డున దించి, అక్కడి పక్షుల్ని కాచి నూనె తీసి ఉంచమని, ఎండాకాలం అయ్యాక వస్తానని వెళ్లిపోయింది. కళాసులకు పెద్ద మస్తాన్ సారంగు. దొర తిట్టిన తిట్టును తెలుగులోకి మార్చి, కాస్త చల్లార్చి, పనివాళ్లకు అందించడం ఆయన ఉద్యోగం.

ఆ దీవి నిండా తురాయి పెంగ్విన్లు. కళ్ల పైనుంచి పసుప్పచ్చని ఈకలు పెళ్లికొడుకు తురాయిలా వెనక్కి వేలాడతాయి. వాటిలోనూ తెగలున్నాయి. ఒకదానికి చెంపలు తెలుపు, ఒకదానికి నలుపు. ఇంకొకటి పొట్టిది, ఎర్రకళ్లది, పరమ కోపిష్టిది, రాయి మీంచి రాయి మీదికి గెంతుతుంది. తెల్లచెంపలదీ నల్లచెంపలదీ ఒకే జాతా, వేరువేరా అని దొర అన్నం చల్లారిపోయేదాకా ఆలోచించేవాడు. నా కడుపులో పడ్డాక అన్నీ ఒకటే నూనె. దాయాదుల తగవు తీర్చడంలో నన్ను మించిన పెద్దమనిషి లేడు.

పని తేలిక. అవి మనిషిని చూసి పారిపోవు. చుట్టం వచ్చాడనుకుని తల పక్కకు వంచి చూస్తాయి. అలా చూస్తుండగానే కర్ర పడేది. దీవిలో పుల్లయినా దొరకదు గనుక నా కింద మంటకూ వాటి తోళ్లే. నిన్నటి పక్షి కింద మండుతుంటే ఇవాళ్టి పక్షి పైన ఉడికేది. దెబ్బ సరిగా తగలనివి ప్రాణంతోనే నాలో పడేవి. అవి రెక్కలతో నా గోడల్ని కొట్టిన చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది, నా మీద నాకే.

ఆ కళాసుల్లో మల్లాడి పోలయ్య, వాడి తమ్ముడు అప్పన్న ఉండేవారు. అప్పన్నకు జబ్బు చేసింది. చిగుళ్లు వాచి నెత్తురు కారింది, కాళ్ల మీద నల్లటి మచ్చలు లేచాయి. పోలయ్యకు లోకంలో ఉన్నది ఆ తమ్ముడొక్కడే. వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉండేదట. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే, వలలో పడ్డ మొదటి జీవాన్ని గంగమ్మ పేర సముద్రంలో వదిలేస్తారు. ఎవరి కోసం మొక్కారో వాళ్లు తాము కోలుకునేదాకా ఆ జాతి జీవాన్ని నోట పెట్టకూడదు. ఇక్కడ వల లేదు, చేప లేదు. పోలయ్య పక్షిని మొక్కుకున్నాడు.

రోజూ పొద్దున మొదట దొరికిన పెంగ్విన్‌ను చంకనెత్తుకుని నీటికి తీసుకెళ్లేవాడు. అది వాడి చెయ్యి పొడిచి నెత్తురు కళ్లజూసేది, కాళ్లు తన్నుకునేది, వదిలితే మళ్లీ ఒడ్డుకే వచ్చేది. "బెదిరిపోకే తల్లీ, నీ ఇంటికే పంపుతున్నాను" అని వాడు దాన్ని అలల్లోకి నెట్టేసేవాడు.

అవి ఈకలు మార్చుకునే రోజులు. పాతవి ఊడుతూ, కొత్తవి ఇంకా నిండకుండా, ఆ పక్షులు వారాల తరబడి తిండి మానేసి రాళ్ల మీద నిలబడతాయి. నీళ్లు వంటికి దిగుతాయి కాబట్టి కాలు కూడా తడుపుకోవు. సముద్రంలో పుట్టి పెరిగిన పోలయ్యకు, సముద్రపు ప్రాణికి సముద్రమే చావవుతుందని తట్టలేదు. నాకు తెలుసు. నాలో పడిన తోళ్లు గుడ్డపేలికల్లా నీళ్లు పీల్చడం చూశాను. నేనంతా నోరే, ఏం లాభం.

మస్తాన్ సారంగు మరో సంగతి కనిపెట్టాడు. "పోలయ్యా, నా చిగుళ్లూ కారినయ్. ఈ పక్షి కార్జం తిన్నాకే కట్టినయ్. మనోళ్లందరికీ అంతే. ఆడిక్కూడా పెట్టు."

"ఒద్దండి సారంగు గారూ. మొక్కిన జీవం. ఆడు ముట్టుకుంటే అమ్మోరు ఊరుకోదండి."

అందరూ నా పక్కన కూర్చుని పచ్చిపచ్చిగా ఉడికిన కార్జాలు తినేవారు. అప్పన్న గుడిసెలో ఎండు రొట్టె నానబెట్టుకుని చప్పరించేవాడు. ఒకరోజు దేక్కుంటూ నా దాకా వచ్చాడు. "అన్నయ్యా, ఒక్క ముక్కెట్టు. అమ్మోరికి నేను సెప్పుకుంటాను."

"నిన్ను బతికించుకోటానికేరా ఇదంతా. ఓర్సుకో" అని పోలయ్య వాణ్ణి ఎత్తుకెళ్లి పడుకోబెట్టాడు. వాడి ప్రేమలో కల్తీ లేదు, అదే నాకు ఒళ్లుమంట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు అమ్మ చేత్తో వేసినా అంతే కదా.

తర్వాత గాలి తిరిగింది. తెల్లారేసరికి పోలయ్య వదిలిన పక్షులన్నీ నా ముందు గులకరాళ్ల మీద పడున్నాయి. సగం ఈకలతో, ఉబ్బి, తురాయిలు మొహాలకు అతుక్కుపోయి. పోలయ్య ఒక్కోదాన్నీ తిరగేసి చూశాడు. దొర నవ్వి ఏదో అన్నాడు, సారంగు దాన్ని తెలుగు చేయలేదు.

పోలయ్య లేచి కర్ర అందుకున్నాడు. ఆ పూట మొదటి పక్షిని తనే కొట్టి, కార్జం తీసి, నాలో ఉడికించి, గిన్నెలో పట్టుకుని పరుగెత్తాడు. గుడిసె నాకు దగ్గరే, అంతా వినిపించింది. అప్పన్న కొరికితే ముక్కతో పాటు పళ్లు ఊడొచ్చాయి. పోలయ్య పులుసు తాగించాడు.

"ఇంత బాగుంటాదా అన్నయ్యా" అన్నాడు అప్పన్న. సాయంత్రానికి పోయాడు.

శవాన్ని సముద్రంలో వదలమని దొర ఆజ్ఞ. సారంగు పడవ తీయించబోతే పోలయ్య అడ్డం నిలబడ్డాడు. "సముద్రంలో ఒద్దండి. అది ఉంచుకోదు. తెచ్చి నా కాళ్లకాడే పడేస్తాది."

ఆ దీవిలో తవ్వడానికి మన్ను లేదు. నా పక్కనే తమ్ముణ్ణి పడుకోబెట్టి, పైన గులకరాళ్లు పేర్చాడు. మర్నాడు అందరికంటే ముందు పనిలోకి దిగాడు. ఓడ వచ్చేదాకా వాడు కొట్టినన్ని పక్షుల్ని ఇంకెవరూ కొట్టలేదు. ఏ ఒక్కదానికీ రెండో దెబ్బ అవసరం కానివ్వలేదు. దొర మెచ్చుకుని వాడికి సారా పోయించాడు.

వాళ్లంతా పోయి నూరేళ్ల పైమాటే. నన్ను మోయలేక ఇక్కడే వదిలేశారు, అది నాకు అలవాటే. పక్షులు మాత్రం మళ్లీ పెరిగాయి. ఇప్పుడు వాటిని చూడటానికి రంగురంగుల కోట్లు వేసుకుని జనం వస్తారు. గైడు నా అంచు మీద చెయ్యేసి నా కథ చెబుతాడు, వాళ్లు అయ్యో పాపం అని పక్షుల వైపు చూస్తారు. నా పక్కన ఉన్న రాళ్ల కుప్ప ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు. గూళ్ల కోసం పెంగ్విన్లు పోగు చేసుకున్న రాళ్లని అతను చెబుతాడు. అందరూ తలాడించి ఫొటో తీసుకుంటారు.