మొదటి పువ్వు ఎవరికి

ఆ బుధవారం సాయంత్రం, కోర్టు రికార్డుల గది మూసే వేళకి, వెర్డా స్టాలర్డ్ చేతికి ఒక కాగితం దొరికింది. దొరికి ఆమె కొంప ముంచింది. అలాంటిలాంటి ముంచడం కాదు. పెట్టుకున్న పేరూ, చెప్పుకున్న గొప్పలూ అన్నీ కలిపి నిలువునా ముంచింది.

వెర్డా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు దిగినప్పటి నుంచీ ఆమెకి ఒకటే పిచ్చి: తమ మూలపురుషుడు ఆంబ్రోజ్ స్టాలర్డ్. ఈ వర్జీనియా కొండల్లోకి ఒక గొడ్డలి, ఒక ఆవు, నెలలు నిండిన భార్యతో వచ్చి, అడవి నరికి మొక్కజొన్న వేసిన మొదటి రైతు ఆయనే. ఆయన పట్టా, ఆయన కట్టిన పన్నులు, ఆయన వీలునామా, పక్కవాడి పందుల మీద ఆయన వేసిన దావా, ఒకటేమిటి, ఏ పుస్తకంలో ఏ మూలనున్నా దులిపి బయటికి తీసింది. ఏటా బంధువులంతా కలిసే రోజున అందరి చొక్కాల మీదా "మేము ఆంబ్రోజ్ విత్తనాలం" అని అచ్చు వేయించేది కూడా ఈవిడే. వద్దన్నవాళ్లకి ఆ రోజు కోడి వేపుడు దక్కేది కాదు.

ఆంబ్రోజ్ పడుకున్నది కొండ మీద అర ఎకరం స్మశానంలో. ఇప్పుడా కొండని ఒక క్వారీ కంపెనీ కొన్నది. రాయి కావాలి వాళ్లకి. ఎముకలు తవ్వి టౌను స్మశానంలో ఓ మూల పడేస్తాం, మీకేం నష్టం అంటోంది. బుల్డోజరు అప్పుడే కొండెక్కి కూర్చుంది. కిందటి వాయిదాలో జడ్జి తేల్చి చెప్పాడు: "అక్కడ పడుకున్నవాళ్లలో ఎవరి రక్తమైనా పంచుకు పుట్టినవాళ్లుంటే, రుజువు తెండి, ఆపేస్తాను. లేదంటే, కంపెనీ ఇష్టం."

మళ్లీ వాయిదా రేపు పొద్దున్నే.

వెర్డా దగ్గర రుజువులకి కొదవలేదు. తన తండ్రి, ఆయన తండ్రి, అలా మెట్టు మెట్టుగా ఎలైజా స్టాలర్డ్ దాకా గట్టి కాగితాలున్నాయి. ఎలైజా ఆంబ్రోజ్ కొడుకు. ఆ ఒక్క మెట్టుకే కాగితం లేదు. ఆంబ్రోజ్ వీలునామాలో కొడుకులందరి పేర్లూ ఉన్నాయి గానీ ఎలైజా పేరు లేదు. "అంతకు ముందే వాటా ఇచ్చేసి ఉంటాడు, అందుకే రాయలేదు" అని వెర్డా తనకి తనే చెప్పుకుని, పదిమందికీ చెప్పి, చెప్పగా చెప్పగా నమ్మేసింది. వంశవృక్షాలు గీసేవాళ్లంతా పడే గొయ్యే ఇది. ఒకే ఇంటిపేరు, ఒకే లోయ, ఇంకేం కావాలి!

చివరిరోజు కదా అని, ఎప్పుడూ తెరవని పుస్తకం ఒకటి తెరిచింది. అనాథ పిల్లల పుస్తకం. ఆ రోజుల్లో దిక్కులేని పిల్లల్ని కోర్టువాళ్లు ఎవరో ఒక రైతుకి అప్పగించేవాళ్లు. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా తిండీ బట్టా పెట్టి చాకిరీ చేయించుకోవచ్చు. అందులో ఉంది: "ఆంబ్రోజ్ స్టాలర్డ్ ఇంట్లో ఉంటున్న తబితా క్రౌస్ అనే ఆమె అక్కడే చనిపోగా, ఆమె కొడుకు ఎలైజా, ఆరేళ్లవాడు, ఆంబ్రోజ్ స్టాలర్డ్‌కి అప్పగించడమైనది."

వెర్డా మళ్లీ చదివింది. కాగితం మారలేదు. కొడుకు కాదు, పాలేరు కుర్రాడు. స్టాలర్డ్ వాళ్ల ఎలైజా, స్టాలర్డ్ వాళ్ల ఎలైజా అని లోకం పిలవగా, ఆ పేరే వాడికి అంటుకుపోయింది.

"అమ్మా, తాళం వెయ్యాలి" అంది గుమస్తా పిల్ల. తర్వాత గొంతు తగ్గించి, "ఈ పుస్తకమే నిన్న కంపెనీ లాయరు తరపు మనిషి కూడా అడిగి తీసుకున్నాడండీ" అంది.

బయట ట్రక్కులో తమ్ముడు రాయిస్ ఎదురుచూస్తున్నాడు. సొంత తమ్ముడు కాదు, చిన్నాన్న కొడుకు. పొగాకు పండిస్తాడు, నోరు ఊరుకోదు. అక్క ముఖం చూడగానే ఇంజను ఆపేశాడు.

"ఏంటక్కా, దెయ్యాన్ని చూసినదానిలా ఉన్నావ్?"

వెర్డా కాగితం నకలు అతని ఒళ్లో పడేసింది. అతను పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాక టోపీ తీసి డాష్‌బోర్డు మీద కొట్టాడు.

"అంటే... ఆ చొక్కాలన్నీ..."

"చొక్కాల గొడవ ఎందుకురా ఇప్పుడు!"

"సరే, వినక్కా. ఈ కాగితం నువ్వు చూడలేదు. నేనూ చూడలేదు. రేపు వెళ్లి ఎప్పుడూ చెప్పేదే చెప్పు. వీలునామా కన్నా ముందే వాటా ఇచ్చాడు, అంతే. నీ అంత గట్టిగా ఆ ముక్క చెప్పేవాళ్లు ఈ జిల్లాలోనే లేరు."

"బైబిలు మీద చెయ్యేసి?"

"కొండ పోతుందక్కా! మన మామ్మ ఏటా పూలు పెట్టింది అక్కడ. మీ నాన్న పెట్టాడు. మా నాన్న పెట్టాడు."

"పెట్టారు గానీ, వాళ్లంతా ఉన్నది కొత్త స్మశానంలోరా, చర్చి వెనకాల. కొండ మీద ఉన్నవాళ్లంతా ఆంబ్రోజ్ మనుషులే. ఎలైజాని కూడా చర్చి దగ్గరే పెట్టారు. అక్కడ మనవాళ్లు..." మాట మధ్యలో ఆగిపోయింది. మనవాళ్లు ఒక్కళ్లు కూడా లేరు అనడానికి నోరు రాలేదు. చిన్నప్పటి నుంచీ ప్రతి మే నెలా పూల ఆదివారం నాడు తుడిచి, కడిగి, పూలు పెట్టి, సమాధుల పక్కనే దుప్పట్లు పరుచుకుని భోజనాలు చేసిన చోటు. అదంతా ఎవరి సమాధులకో చేశామా? ఆమెకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. రాయిస్ కిటికీలోంచి అవతలికి చూస్తూ కూర్చున్నాడు.

"లాయరు చూశాడంటావా?" అన్నాడు కాసేపటికి.

"చూశాడు."

"అయితే అయిపోయాం."

మర్నాడు కోర్టు హాల్లో కంపెనీ లాయరు కెసింజర్ తన బల్ల మీద ఒకే ఒక్క కాగితం బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. దాని మీద వేళ్లతో దరువేస్తున్నాడు. వెర్డా బైబిలు మీద చెయ్యి పెట్టింది. లాయరు లేచి, తేనె పూసిన గొంతుతో అడిగాడు.

"ఆంబ్రోజ్ స్టాలర్డ్ మీకు ఏమవుతారో కోర్టువారికి చెప్తారా అమ్మా?"

రాయిస్ వెనక బెంచీలో కూర్చుని, చెప్పెయ్, చెప్పెయ్ అన్నట్టు తలాడిస్తున్నాడు. వెర్డా ఆ బోర్లా కాగితం వంక చూసింది. ఆ లాయరు ముందు దొంగలా దొరకడం కన్నా నష్టపోవడం నయం అనిపించింది. అది ఒక్కటే కాదు. ఆరేళ్ల పిల్లాడు గుర్తొచ్చాడు. తల్లి పోయింది, ఎవరింట్లోనో చాకిరీ చేశాడు, ఇప్పుడు వాడి వంశంలో పుట్టిన తనే కోర్టులో నిలబడి వాడి తల్లిని లేదనాలా?

"ఏమీ కారు," అంది.

దరువు ఆగిపోయింది.

"ఏమీ కారండీ జడ్జిగారూ. నిన్న సాయంత్రమే తెలిసింది నాకు. మా ఎలైజా ఆయన కొడుకు కాదు, ఆయన ఇంట్లో పనికి పెట్టిన అనాథ. ఆ లాయరుగారి బల్ల మీదున్నది ఆ కాగితమే. ఆయన తిప్పక్కర్లేదు, నేనే చెప్తున్నాను."

కెసింజర్‌ ఆ కాగితం తిప్పి చూసి, మళ్లీ బోర్లా పెట్టాడు. దాచుకున్న బాణం ఎవరో లాక్కుని తమ కాళ్ల మీదే వేసుకున్నట్టుంది అతని వ్యవహారం. తేరుకుని, "అయితే ఇంక మాట్లాడేదేముంది సార్? ఈమె రక్తం అక్కడ లేదు. కేసు కొట్టేయండి" అన్నాడు.

జడ్జి ముసలాయన. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అమ్మా?" అన్నాడు జాలిగా. ఆ జాలే వెర్డాకి ఒళ్లు మండించింది.

"ఉందండీ. ఆ పిల్లాడి తల్లి తబితా. ఆంబ్రోజ్ ఇంట్లోనే ఉండి చచ్చిపోయిందని అందులోనే రాశారు. ఆమెని ఎక్కడ పెట్టారో నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"మా మామ్మ ఓమా, పూల ఆదివారం నాడు మొదటి పువ్వు ఆంబ్రోజ్‌కి పెట్టేది కాదండీ. స్మశానం కింది మూలన, వరసలకి దూరంగా ఒక అడవి రాయి ఉంది. పేరు లేదు, ఊరు లేదు. మొదట అక్కడ పెట్టాకే పైకి వెళ్లనిచ్చేది. ఎందుకే మామ్మా అంటే, మా అత్తగారు పెట్టింది, నేను పెడుతున్నా, నువ్వూ పెట్టు, నోరు ముయ్యి అనేది." హాల్లో ఎవరో నవ్వారు. "ఇంకొకటండీ. ఎలైజాకి చదువు రాదు. పెద్దయ్యాక ఆ స్మశానం కింది వాలు కొన్నాడు. ఒట్టి రాళ్లు, మేక కూడా ముఖం తిప్పుకునే నేల. ఎందుకు కొన్నాడా అని ఇన్నేళ్లూ తల బద్దలు కొట్టుకున్నాను. ఆ దస్తావేజులో సంతకం బదులు ఆయన నిశాని ఉంది. అందరిలా అడ్డగీత కాదు. అడవిలో వదిలిన పందులు తనవని తెలిసేలా వాటి చెవులకి ఆయన కోసే గుర్తు. ఒక వంపు, కింద రెండు గాట్లు. గుమస్తా ఉన్నది ఉన్నట్టు పుస్తకంలో దింపాడు. ఆ రాయి మీద కూడా అదే ఉంది. చిన్నప్పుడు వేలు పెట్టి ఆడుకునేదాన్ని. నాగలి గీసుకుపోయిందనుకునేవాళ్లం."

కెసింజర్ తన సంచిలోంచి అదే దస్తావేజు నకలు తీసి చదివి, మళ్లీ నవ్వు పులుముకున్నాడు. "చూడండి సార్. 'స్మశానం మూలనున్న, గుర్తు వేసిన రాయి దగ్గర మొదలై' అని ఉంది. అది సరిహద్దు రాయి. తన భూమి మూలకి తన గుర్తు వేసుకున్నాడు. ఏ రైతైనా చేసే పనే. సరిహద్దు రాయికి పువ్వులు పెడితే సమాధి అయిపోతుందా?"

నిజమే కదా అనిపించింది వెర్డాకి.

జడ్జి కళ్లజోడు పెట్టుకున్నాడు. "సరిహద్దు రాయి ఒంటరిగా ఉంటుంది. సమాధికి తల దగ్గర ఒక రాయి, కాళ్ల దగ్గర ఒక రాయి. మా అమ్మ వాళ్లదీ ఈ కొండల్లోనే. పదండి, చూద్దాం. గడ్డపారలు మాత్రం వద్దు. చేతులతో ఎంత తీస్తే అంతే."

కొండ మీద బుల్డోజరు డ్రైవరు సీట్లో కాళ్లు బార్లా చాపుకుని ఉన్నాడు. జడ్జిని చూసి లేచాడు. కింది మూలన రాయి అలాగే ఉంది, నీలిపూల తీగ మోకాళ్ల ఎత్తున అల్లుకుపోయి. నెల కిందట పెట్టిన పువ్వు ఎండి అక్కడే ఉంది. జడ్జి వంగి, నాచు గీకి చూశాడు. వంపు, రెండు గాట్లు.

"గుర్తు అదే," అన్నాడు. "ఇక రెండోది చూపించండి."

అక్కడందరూ తూర్పుకి కాళ్లు పెట్టి పడుకుంటారు. వెర్డా మోకాళ్ల మీద కూలబడి, రాయికి తూర్పుగా మనిషి పొడవున తీగ పీకడం మొదలుపెట్టింది. మట్టి, వేళ్లు, మట్టి. రాయి లేదు. ఇంకా కొంచెం అవతల పీకింది. లేదు. గోళ్ల సందుల్లోంచి రక్తం కారింది. రాయిస్ కూడా వంగబోతే జడ్జి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కెసింజర్ గడియారం చూసుకున్నాడు.

"ఇంక చాలేమో సార్."

"ఉండండి!" అని అరిచింది వెర్డా. జడ్జి ఉన్నాడని కూడా మరిచిపోయింది.

మామ్మ గుర్తొచ్చింది. పువ్వు పెట్టి, తిన్నగా పైకి వెళ్లేది కాదు. పక్కనున్న దేవదారు చెట్టుకి అవతలి వైపు నుంచి పెద్ద చుట్టు తిరిగి వెళ్లేది. అడ్డంగా గెంతిన పిల్లకి వీపు మీద పడేది. వెర్డాకి చాలాసార్లు పడింది. మోకాళ్ల నొప్పులతో, కర్ర ఊతతో కూడా ముసల్ది ఆ చుట్టు మానలేదు. ఎందుకు మానలేదు? మనిషిని తొక్కకూడదని!

వెర్డా పాక్కుంటూ దేవదారు మొదలు దగ్గరికి వెళ్లింది. చెట్టు లావై, వేళ్లు పాముల్లా పక్కకి తన్నుకొచ్చాయి. రెండు వేళ్ల మధ్య ఆకుచెత్తలోకి చెయ్యి దూర్చింది. చల్లగా, గట్టిగా తగిలింది. చుట్టూ మట్టి గోకింది. చెట్టు వేరు ఒక పక్కకి తోసేసిన చిన్న రాయి. మనిషి చేత్తో నిలబెట్టిన రాయి, పైన గుండ్రంగా చెక్కింది.

జడ్జి కష్టం మీద వంగి, తలరాయినీ కాలిరాయినీ మార్చి మార్చి చూశాడు.

"వేరు నెట్టేసింది," అన్నాడు. "లేకపోతే తలరాయికి తిన్నగా ఉండేది. కెసింజర్‌గారూ, సరిహద్దు రాయికి కాళ్లుంటాయా?"

కెసింజర్ బూట్లకంటిన మట్టి చూసుకున్నాడు.

"రాతపూర్వకంగా మధ్యాహ్నం ఇస్తాను. ఈలోగా ఆ బండి కిందికి దింపించండి," అని జడ్జి చేతులు దులుపుకున్నాడు.

బుల్డోజరు గర్రుమని కదిలి కొండ దిగుతుంటే, రాయిస్ టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. కళ్లు తుడుచుకుని, వెంటనే ఏదో ఒకటి అనకపోతే ఉండలేనట్టు, "మరి చొక్కాల మీద ఏం వేయిద్దామక్కా ఇప్పుడు?" అన్నాడు.

వెర్డా ఆ పాలేరు కుర్రాడి గురించే ఆలోచిస్తోంది. సంతకం రాని చేతికి వచ్చిన ఒకే ఒక్క గీత తల్లి తల దగ్గర గీసి, ఎవరూ ఆమెని కదపకుండా పనికిరాని నేల కొని, మొదటి పువ్వు ఆమెకే అని కోడలికి, అంటే మామ్మ అత్తగారికి, చెప్పిపోయాడు. ఎందుకో చెప్పాలంటే, తాను స్టాలర్డ్ కాదని కూడా చెప్పాల్సొచ్చేది. ఆ ముక్క నోట్లోనే మింగేశాడు పిచ్చోడు. తీగకి మిగిలిన ఒక నీలిపువ్వు తెంపి, రక్తం కారే వేళ్లతోనే రాయి మీద పెట్టింది.

"తబితా," అని పిలిచింది. అన్నేళ్లుగా పువ్వులందాయి గానీ, ఆ పేరు అక్కడ వినపడటం అదే మొదలు.