నీలిచుక్క కనబడే చోటు

ఈసారి కూడా వరహాలుకే చుక్క కనబడింది. నాకు కనబడలేదు.

వాల్తేరు యూనివర్సిటీలో కంటిచూపు మీద పరిశోధన చేస్తున్న రమణమూర్తిగారు మా హాస్టలు నుంచి ఇద్దరిని పిలిచారు: నన్నూ, మా పిన్ని కూతురు వరహాలునీ. ఎదురుగా తెల్లటి తెర. దాని నడుమ ఆవగింజంత రంగుచుక్క వెలుగుతుంది. గడ్డం చెక్క మీద ఆనించి, చుక్క వచ్చే చోటునే చూడాలి. కనబడగానే మీట నొక్కాలి. ఇద్దరిలో ఒకరినే వేసవంతా రమ్మంటానన్నారాయన. ఆ ఒకరు నేనే కావాలని గట్టిగా అనుకున్నాను.

ఎర్రచుక్క ఇద్దరికీ కనబడింది. ఆకుపచ్చదీ అంతే. నీలిచుక్క దగ్గరే నేను ఓడిపోతున్నాను. కళ్లు నీళ్లు కారేదాకా చూశాను. తెలుపు తప్ప ఏమీ లేదు.

"ఏటే అక్కా, అలా గుడ్లప్పగించి సూసినా అవుపడ్లేదేటి? నాకైతే సుబ్బరంగా అవుపడింది," అని నవ్వింది వరహాలు. భీమిలి దగ్గర మా ఊళ్లో, నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తే తప్ప రవిక కుట్టుకోలేని పిల్ల!

రమణమూర్తిగారు నవ్వలేదు. "వరహాలుగారూ, మీరు ఎక్కడ చూస్తున్నారు?"

"తెర మీదే సార్."

"తెర మీద ఎక్కడ?"

అది తల వంచుకుంది. దాని బదులు నేను చెప్పగలను. దాని వంతు వచ్చినప్పుడల్లా నేను దాని కళ్లనే చూశాను.

"మీ సెయ్యి కాడ," అంది చివరికి.

చుక్క పక్కనే, దాన్ని వెలిగించే మర తిప్పుతున్న చేతిని ఆయన చటుక్కున వెనక్కి తీసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. నావైపు తిరిగి పాఠం చెప్పినట్టు గబగబా చెప్పారు: "నీలం అంత చిన్నదైతే సూటిగా చూసే కంటికి అందదండీ. చూపు కాస్త పక్కకి జరిగితేనే దొరుకుతుంది. మీ చూపు కదల్లేదు, అందుకే కనబడలేదు. నాకు కావలసింది అలాంటి కళ్లే. రేపట్నించి మీరు రండి."

గెలిచాను. వరహాలు ముఖంలో మాత్రం కాస్తయినా బాధ లేదు.

మర్నాడు నాకు తోడొచ్చానంటూ అది కూడా వచ్చి, గుమ్మంలో నిలబడింది. ఆయన నీలిచుక్క వెలిగించి, "అలాగే చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తాను," అని గుమ్మం వైపు వెళ్లారు.

తెల్లటి తెర నడుమకి రెప్ప వేయకుండా చూస్తున్నాను. అక్కడ ఏమీ లేదు. కంటి కొసన వరహాలు పసుపుపచ్చ ఓణీ, దాన్ని ఆనుకున్నట్టే ఆయన తెల్లచొక్కా.

చూపు కదపలేదు.