పట్టుకున్నవారు: గౌరునాయుడు

ఈ ఉదయం ఆఫీసులో పాత టేపులు సర్దుతుంటే మా మేనకోడలు హైమావతి దొరుకుతుంది. టేపు వెచ్చగా ఉంది. కొబ్బరినూనె రాసిన జుట్టు వాసన వేస్తోంది. దాన్ని తుడిచి మా పెద్ద కంప్యూటరు మెయిన్‌ఫ్రేమ్‌కి ఎక్కిస్తాను.

నేను విశాఖపట్నంలో ఒక ఓడల కంపెనీలో పని చేస్తున్నాను. కంప్యూటర్లో పాడైపోయిన వాటిని బ్యాకప్ టేపుల్లోంచి తిరిగి తీసుకురావడం, తెచ్చేటప్పుడు వచ్చే ఎర్రర్లు సరిచెయ్యడం నా ఉద్యోగం. హైమ తొమ్మిదేళ్లప్పుడు మెదడువాపు జ్వరంతో పోయింది. తర్వాత బావ వేరే ఊళ్లో వేరే కాపురం పెట్టుకున్నాడు. అప్పట్నుంచి అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను పెళ్లి చేసుకోలేదు. అక్క వండుతుంది, నేను గిన్నెలు తోముతాను.

అక్కకి ఫోన్ చేస్తాను. ఫోన్ పెట్టేసేలోపే గుమ్మంలో నిలబడి ఉంటుంది. చేతులకింకా పిండి అంటుకునే ఉంది.

మా సూపర్‌వైజరు రహంతుల్లా గారు కుర్చీ లాగి వేస్తారు. "కూర్చోండమ్మా. రీస్టోర్‌లో తొందర పనికిరాదు. మెసేజీ ఏం చెబుతుందో నెమ్మదిగా చదువుకోవాలి."

మొదటి మెసేజీ వస్తుంది. 'ఈ పేరుతో ఎవరూ లేరు.'

"హైమావతని కొట్టావా? అది బళ్లో పేరు కదరా," అంటుంది అక్క. "బుజ్జులు అని కొట్టు."

బుజ్జులు అని కొడతాను. టేపు తిరగడం మొదలవుతుంది. గదిలో ఏసీ చల్లదనం కొంచెం తగ్గుతుంది. రెండో మెసేజీ వస్తుంది. 'పెట్టడానికి చోటు లేదు.'

రహంతుల్లా గారూ నేనూ బీరువాలు బయటికి లాగుతాం. చోటు లేదనే అంటుంది. కిటికీలు తీసి పక్కన పెడతాం. అయినా లేదంటుంది.

"నా ఒళ్లో పెట్టమనరా," అంటుంది అక్క.

అలాగే రాస్తాను. ఈసారి యంత్రం ఏమీ అనదు. ముందు గజ్జెల చప్పుడు వస్తుంది, తర్వాత పాదాలు, తర్వాత పరికిణీ, చివరికి రెండు జడల హైమ. అది అక్క చీర కుచ్చిళ్ల మీద కూర్చుని కళ్లు నులుముకుంటుంది. ముందు పళ్లు రెండూ ఊడి ఉన్నాయి. ఇది ఆరేళ్లప్పటి కాపీ. ఆ తర్వాతిదేదీ టేపులో లేదు.

అక్క దాని మొహమంతా తడుముతుంది. హైమ మర్యాదగా ఓర్చుకుని, కాసేపటికి చుట్టూ చూస్తుంది.

"మా యమ్మేదండీ?"

"నానేనమ్మా. నానే మీ యమ్మని."

హైమ అక్క నెరిసిన జుట్టు చూస్తుంది, బుగ్గల మీది ముడతలు చూస్తుంది. "మాయమ్మ ఇంకా చిన్నదండీ," అని నెమ్మదిగా ఒళ్లోంచి దిగిపోతుంది. గోడవారగా నిలబడి ఏడుపు ఆపుకుంటుంది.

అక్క ఏడవదు. పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటుంది. "గౌరూ, ఆరోజుది నాది కూడా ఉంటాది కదా? నన్నూ ఎనక్కి తెచ్చీ."

"నువ్వు ఇక్కడే ఉన్నావు కదక్కా. నీ మీద అప్పటి నిన్నే రాసేస్తే, మధ్యలో ఏళ్లన్నీ చెరిగిపోతాయి."

"పోనీ. ఆటిల్లో ఏటుందిరా?"

ఆ ఏళ్లలో నేనున్నానని చెప్పను. పక్క టేపులోనే అక్క ఉంది, పైడమ్మ అన్న పేరుతో. ఎక్కిస్తాను. మూడో మెసేజీ వస్తుంది.

'పైడమ్మ వాడుకలో ఉంది. రాయడం కుదరదు. పట్టుకున్నవారు: గౌరునాయుడు.'

నా చేతులు చూసుకుంటాను. ఒకటి కీబోర్డు మీద, ఒకటి మోకాలి మీద ఉన్నాయి. "నేనెవర్నీ పట్టుకోలేదండీ," అంటాను.

"చేత్తో అని మెసేజీలో లేదు కదండీ," అంటారు రహంతుల్లా గారు. మొహం అటు తిప్పుకుంటారు.

అక్క వచ్చి నా పక్కన నిలబడుతుంది. నా తల మీద చెయ్యేస్తుంది. "ఒగ్గీరా తమ్ముడూ. పిల్ల బెంగెట్టేసుకుంటంది."

"నాకు అన్నం ఎవరు పెడతారక్కా?"

ఇంతకన్నా మంచి మాట దొరకదు నాకు. అక్క నా జుట్టు సర్దుతుంది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు సర్దినట్టు. గోడవారగా హైమ ఎక్కిళ్లు పెడుతోంది.

పట్టు వదలాలంటే మనిషి పేరు కాదు, వరస కొట్టాలి. 'అక్క' అని కొడతాను. ఆ మాట తెర మీద కాసేపు నిలబడి ఆరిపోతుంది.

తల మీది చెయ్యి తేలికవుతుంది. దానికి గాజులొస్తాయి. తిరిగి చూసేసరికి నల్లటి జడతో, మల్లెపూలతో ఒకావిడ నిలబడి ఉంది. తన చెయ్యి పరాయి మగవాడి తల మీద ఎందుకుందో తెలియక చటుక్కున తీసేసుకుంటుంది.

"అమ్మా!" అని హైమ పరిగెత్తుకొచ్చి నడుం కరుచుకుంటుంది.

"ఎక్కడికెల్పోయావే? ఊరంతా ఎతుకుతున్నాను!" ఆవిడ దాన్ని ఎత్తుకుని నావైపు చూస్తుంది. "మా తమ్ముడి పోలికలున్నాయండీ మీకు. ఆడు కాలేజీలో సదువుతున్నాడు."

పిలవాలని నోరు తెరుస్తాను. "ఏమండీ," అని వస్తుంది.

"ఎళ్లొస్తామండీ," అంటుంది ఆవిడ. హైమ ఆమె భుజం మీదుగా నాకు చెయ్యూపుతుంది. మెట్లు దిగుతున్న గజ్జెల చప్పుడు చాలాసేపు వినిపిస్తుంది.

తర్వాత యంత్రం తలుపు తెరుచుకుని, చెరిగిపోయిన ఏళ్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. మనుషులంత ఎత్తున్నాయి. తుపాను ఏడాదికి జుట్టు నిండా విరిగిన కొమ్మలున్నాయి. ఇంకోదాని చేతిలో దిబ్బరొట్టె ఉంది, ఇంకా పొగలు కక్కుతోంది. అన్నీ నా బల్ల ముందు నిలబడి తల వంచుకుంటాయి.

"ఇవి ఇక్కడ ఉండకూడదు. ఇప్పుడివి ఎవరివీ కావు," అంటారు రహంతుల్లా గారు.

"సగం నావండీ."

"అయితే ఇంటికి తీసుకెళ్లండి," అని నాకు సెలవిస్తారు.

అందర్నీ బస్సెక్కిస్తాను. అన్నిటికన్నా చిన్నది వెనక పడిపోతుంది. అది ఏడాది కాదు, హైమ పోయిన ఒక్క రోజు. మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయింది, దానికింకా నడక రాదు. దిగి, చంకనెత్తుకుంటాను. ఒళ్లు కాలిపోతోంది. బీచ్ రోడ్డు మలుపులో అది కళ్లు తెరుస్తుంది.

"నాకు సాయంత్రం అవుతాదా మావయ్యా?"

"అవుతుందమ్మా," అంటాను.

దాని ఒంట్లోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ కారి, నా చొక్కా తడిపి, బస్సు మెట్ల మీంచి రోడ్డు మీదికి పారుతుంది.