పటంలో లేని రాళ్ళు

ఆ దేశానికి నేల తక్కువ, నీళ్ళెక్కువ. ఉన్న దీవుల్లోనూ ఏటా ఏదో ఒకదాన్ని సముద్రం మింగేసేది. అందుకని పటాలాయనకు చేతినిండా పని. దీవులన్నీ చుట్టివచ్చి, తోలుమీద గీసిన దేశపటాన్ని సరిచేసి, ఒక్కో దీవి పక్కన దాని గుణగణాలు నాలుగు ముక్కల్లో రాయాలి. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చినవాడిలా రాస్తాడని తోటివాళ్ళు ఆటపట్టించేవారు.

రేవు మునిగిన దీవిని మాత్రం చిన్నకత్తితో పటంలోంచి గీకెయ్యాలి. గీకేశాక అక్కడికి మంచినీళ్ళ పడవ వెళ్ళదు. మిగిలినవాళ్ళ గొంతు తడిసిందా లేదా అని అడిగే నాథుడుండడు.

ఈసారి గీకవలసింది అక్క ఉంటున్న దీవి. అమ్మ పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. రేవు రాళ్ళమీద మోకాలిలోతు బురదనీళ్ళు నిలవడం అతను కళ్ళారా చూశాడు.

"నాతో వచ్చెయ్యక్కా" అని బతిమాలాడు.

"వచ్చి నీ గదిలో ఏ మూల కూర్చోను? ముందు నీ పని చూసుకో" అంది అక్క, వల అల్లుతూ.

ఆవిడ మొండితనం అతనికి కొత్తకాదు. తిరిగొచ్చి, తలుపు దగ్గరగా వేసి, కత్తి తీశాడు. దీవిని వదిలేసి పాత రేవును గీకాడు. దానికి వెనక, ఒడ్డుకు ఆనించి, లేని రేవు ఒకటి గీశాడు. 'కొత్త రేవు. లోతు బాగుంది' అని రాశాడు. అక్కకు నీళ్ళందితే చాలు, మిగతాది తర్వాత చూసుకుందాం అనుకున్నాడు. 

ఆ సముద్రం మాయలమారి. లేని ఓడల్ని, లేని చెట్లను చూపిస్తుంది. అందుకే ఒడ్డు దగ్గరపడ్డాక నీళ్ళను నమ్మొద్దు, పటాన్నే నమ్మండి అని పడవ నడిపే సరంగులకు మొదటినుంచీ నూరిపోస్తారు.

కొత్త పటంతో అక్క దీవికి వెళ్ళిన నీళ్ళ పడవ అడుగు చీల్చుకుని తిరిగొచ్చింది. సరంగు తిన్నగా పటాలాయన గదికొచ్చి నేలమీద కూలబడ్డాడు.

"మనిషి నీళ్ళమీద నిలబడ్డట్టు కనబడింది. నెత్తిన మూట. చెయ్యి ఊపుతోంది. మాయ అనుకున్నా. పటం ప్రకారం అక్కడ నిలబడ్డానికి ఏమీ లేదుగా. పడవ రాళ్ళకు తగిలాక తెలిసింది. మీ అక్కయ్య, బాబూ. పడవ కింద పడి ప్రాణం పోయింది. తమ్ముడి దగ్గరికి పోతున్నానని పొద్దున్నే అందరికీ చెప్పిందట."

పటాలాయన పటం తీసి అతని ముందు పరిచాడు.

"ఆ రాళ్ళు పాత రేవువి. నేనే గీకేశాను. కొత్త రేవు లేదు. దీవిని ఉంచడానికి ఊరికే గీశాను."

సరంగు అతని ముఖంలోకి జాలిగా చూశాడు.

"నా పాపం నీ నెత్తిన వేసుకోకు బాబూ. కొత్త రేవు అప్పటికే మునిగిపోయుంటుంది. నువ్వు గీసింది తప్పెలా అవుతుంది?"

"నిజం చెప్తున్నా. నీ తప్పేం లేదు."

"కళ్ళెదుట మనిషిని చూసి కూడా చుక్కాని తిప్పలేదు. ఇక ఈ చేత్తో దాన్ని ముట్టను" అని సరంగు లేచి, అతని భుజం నిమిరి, వెళ్ళిపోయాడు.