పొగ రిజిస్టరు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయాను, చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయినట్టే.

మా ఆయన ఉన్న రోజుల్లో ఆయన లారీ ఎక్కితే బోల్తా పడుతుందని, మబ్బు పడితే పిడుగు పడుతుందని, రెండుసార్లు దగ్గితే క్షయ అని హడలిపోయేదాన్ని. ఆయన ఇవేవీ కాకుండా ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకానుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గోడకానుకుని కూర్చోవడానికి భయపడాలని నాకు తోచలేదు. అప్పటినుంచి దేన్నీ వదలకుండా భయపడుతున్నాను.

మిగిలింది నేనూ నా కూతురూ. మూడో అంతస్తులో రెండు గదులు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో నాది కాజాల మిషను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కాలకు గుండీలు పట్టే కన్నాలు కుడతాను. నా కూతురిది మట్టి పని. బోరు వేసి లోపలి మట్టి పైకి తీసి, దాని మీద వంతెన నిలుస్తుందో కుంగుతుందో చెబుతుంది. ఇరవై తొమ్మిదేళ్లు. కంటితో చూసి, చేత్తో నలిపితే తప్ప మట్టిని కూడా నమ్మని పిల్ల.

ఒకరోజు భోజనం దగ్గర చెప్పింది. కొత్త రైలుమార్గం వేస్తున్నారట. రెండు రోజుల ప్రయాణం. చుట్టుపక్కల ఊరు లేదు, గుడారాల్లో ఉండాలి.

"ఊరే లేని చోటికి ఎట్లా వెళ్తావే?"

"మేం వెళ్తేనే కదమ్మా ఊరయ్యేది."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా అమ్మమ్మ మాట చెవిలో మోగింది. "మనింట్లో పెద్దాడపిల్ల పొలిమేర దాటితే దక్కదు."

మా వాళ్లు అడవి కొట్టి, బంజరు దున్ని, ఊళ్లు లేనిచోట ఊళ్లు నిలబెట్టినవాళ్లు. నది ఒడ్డున మొదటి మకాం. అక్కణ్ణుంచి అడవి అంచుకు, అడవి అంచునుంచి మెట్టభూమికి, చివరికి ఈ ఊరికి. మూడు తరాల్లో మూడుసార్లు కదిలారు. కదిలిన ప్రతిసారీ ఇంటి పెద్దాడపిల్ల దారిలో పోయిందట. పామో, జ్వరమో, వరదో ఎంత అడిగినా అమ్మమ్మ చెప్పేది కాదు. "దారిలో పోయింది, అంతే," అని లేచి వెళ్లిపోయేది. నేనూ పెద్దదాన్నే. ఈ ఊరి చివరి బస్టాపు దాటి ఏనాడూ వెళ్లలేదు. అందుకే ఇంకా ఉన్నానని నా నమ్మకం.

ఈ సంగతి నా కూతురికి పసితనం నుంచీ చెబుతూనే ఉన్నాను. ఆరోజూ చెప్పాను. అది కంచం పక్కకు జరిపింది.

"అమ్మా, ఒక్కటే మాట. కాగితం మీద రుజువు చూపించు. ఆ ముగ్గురూ నిజంగా పోయారని రాసి ఉంటే నేను వెళ్లను. నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, ఇంకేదైనా మీద వేసుకో," అన్నాను భయపడి.

బయల్దేరడానికి పదకొండు రోజులుంది.

*

షెడ్డులో పూటపూట సెలవు పెట్టి భూముల కార్యాలయం రికార్డుల గదికి వెళ్లడం మొదలుపెట్టాను. నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. నిప్పంటుకుంటే బయటికెట్లా పరుగెత్తాలో ముందు చూసుకుని, తలుపు దగ్గరి బల్ల ఎంచుకున్నాను. అక్కడ ఒక్కరే గుమాస్తా. వచ్చే ఏడు రిటైరవుతాడట. పాత కాగితాల దుమ్ముకు ఎడతెగకుండా దగ్గుతాడు. నేను మనసులో ఆయనకు దగ్గులాయన అని పేరు పెట్టాను, పైకి అన్నయ్యగారూ అన్నాను.

"అన్నయ్యగారూ, ఆ దగ్గు ఎవరికైనా చూపించుకున్నారా?"

"ముప్పై ఏళ్లుగా చూపిస్తున్నానమ్మా. చూసినవాళ్లు రిటైరైపోయారు, దగ్గు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది."

మర్నాడు యూనిఫారం గుడ్డలో మిగిలిన నీలం ముక్కతో ముక్కుగుడ్డ కుట్టి తెచ్చిచ్చాను. కట్టుకుని, "ఇప్పుడు నన్ను ఏ క్లాసులో కూర్చోబెడతారు?" అన్నాడు. ఆ గదిలో ఆ నాలుగు రోజుల్లో నేను విన్న నవ్వు అదొక్కటే. మిగతాదంతా పేజీల చప్పుడు.

ఆ రోజుల్లో కొత్త భూములకు వెళ్లే ప్రతి కుటుంబానికీ ఒక పుస్తకం ఉండేదట. కుటుంబంతోపాటే పుస్తకమూ కదిలేది. కొత్త మకాంలో గుమాస్తా ఇంటిల్లిపాదినీ ఎండలో వరసగా నిలబెట్టి, పాత పేజీలోని పేర్లు పిలుస్తూ కొత్త పేజీలోకి ఎక్కించేవాడు. మా తాతతాత పేరు చెప్పాను. నాలుగో రోజు మధ్యాహ్నం మా పుస్తకం దొరికింది. అట్ట లేదు, అంచులు చెదలు తిన్నాయి. నీళ్లలో నానిన మరక ఒకటి మొదటి పేజీ నుంచి చివరిదాకా ఉంది. ఏ నది దాటినప్పుడు తడిసిందో.

నది ఒడ్డు పేజీలో తొమ్మిది పేర్లు. ఇద్దరు కొడుకులు, నలుగురు కూతుళ్లు, మిగతావాళ్లు పెద్దలు. పెద్దకూతురు, పందొమ్మిదేళ్లు. ఆ పేరు మీద అడ్డంగా ఎర్రగీత. అడవి అంచు పేజీలో ఆ పేరు లేదు. అక్కడ ఇంకో తరం పెద్దకూతురు, దాని మీదా ఎర్రగీత. మెట్టభూమి పేజీలో మూడో ఎర్రగీత.

మూడూ చూశాను. ఒళ్లు చల్లబడింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ చల్లదనం వెనకే ఒక సంతోషం పాకింది. నా బిడ్డ నా దగ్గరే ఉంటుంది.

"అన్నయ్యగారూ, ఈ మూడు పేజీలకూ నకళ్లు తీసి ముద్ర వేసివ్వండి."

వేసిచ్చాడు. నేను ఊరుకోవచ్చు కదా, ఉండబట్టలేక ఎందుకో కూడా చెప్పాను. పాపం మూడు ప్రాణాలు, ఒట్టు, నా కూతురు, అన్నీ. ఆయన ముక్కుగుడ్డ కిందికి లాగి నావైపు చూశాడు.

"అమ్మా, వీళ్లు చనిపోయారని ఎవరన్నారు?"

"ఎర్రగీత కొట్టారుగా!"

"చనిపోతే ఎర్రగీత కొట్టరు. పేరు చుట్టూ నల్ల సిరాతో సున్నా చుట్టి తేదీ వేస్తారు. ఇదిగో, మీ తాతతాత తల్లికి చుట్టారు చూడండి. ఎర్రగీతంటే కొత్తచోట పిలిచినప్పుడు ఆ మనిషి వరసలో లేదని. రాలేదని."

"రాకుండా ఎక్కడికి పోతుంది?"

ఆయన లేచి లోపలి అరల్లోకి వెళ్లాడు. దగ్గు దూరమై మళ్లీ దగ్గరైంది. తెచ్చి బల్ల మీద పెట్టింది సన్నంగా, పొడుగ్గా ఉన్న వేరే పుస్తకం.

"ఇది పొగ రిజిస్టరు. వదిలి వెళ్లిన ఇంట్లో పొయ్యి వెలుగుతున్నన్నాళ్లూ ఆ భూమి ఆ కుటుంబానిదేనని అప్పటి రూలు. నెలకోసారి ఒక ఉద్యోగి గుర్రం మీద వచ్చి పొగ వస్తోందో లేదో రాసుకుపోయేవాడు. కొత్తచోట మొదటి పంట చేతికి వచ్చేదాకా పాతది వదులుకునే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని ఒకరిని పొయ్యి దగ్గర వదిలి వెళ్లేవాళ్లు. మగపిల్లలు చెట్లు కొట్టడానికి కావాలి. చిన్నపిల్లలు ఒంటరిగా ఉండలేరు. ఇక ఎవరు మిగులుతారో మీరే చెప్పండి."

నది ఒడ్డున ఆగిపోయినామె పేజీ తీశాడు. చదివాను.

"పొగ ఉంది. మా వాళ్ల కబురేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను."

తర్వాతి నెల. "పొగ ఉంది. మా వాళ్ల కబురేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను."

పేజీ తిప్పితే అదే, ఇంకో పేజీ తిప్పినా అదే. మధ్యలో ఒకచోట, "వరద. ఇంటి పైకప్పు మీద పొయ్యి పెట్టింది. పొగ ఉంది. అడిగింది." పదకొండేళ్లు అలా అడిగింది. ఆ తర్వాత ఒక నెల, "పొగ ఉంది. ఏమీ అడగలేదు."

ఇక అక్కణ్ణుంచి "పొగ ఉంది" అంతే. పొగ చూసే ఉద్యోగి నాలుగుసార్లు మారినట్టున్నాడు, చేతిరాత మారింది. మాట మారలేదు. మొత్తం ముప్పైయేడేళ్లు. చివరి వరసలో "పొగ లేదు. తలుపు తోసి చూశాను." పక్కన నల్ల సున్నా.

అడవి అంచున ఆగిపోయినామె ఆరేళ్లు పొయ్యి వెలిగించి, ఒకనాడు తాళం కూడా వేయకుండా ఎటో వెళ్లిపోయింది. ఎక్కడికో రాయలేదు. మంచి పని చేసింది తల్లి అనుకున్నాను. మూడో ఆమె పేజీలు చెదలకు పోయాయి.

మా కుటుంబ పుస్తకం ప్రకారం మా వాళ్లకు కొత్తచోట మొదటి పంట ఎండింది, రెండోది ముంపు. తర్వాత పిల్లల పెళ్లిళ్లు, తర్వాత ఇంకో కదలిక. వెనక్కి వెళ్లి తెచ్చుకోవడం రేపు, ఎల్లుండి అవుతూ వచ్చి ఉంటుంది. ఎవరైనా పెద్దది ఏదని అడిగితే వదిలేశామని ఎట్లా చెబుతారు? దారిలో పోయిందని చెప్పారు. నోరు తిరగడానికి అదే సులువు. అదే మా అమ్మమ్మ దాకా వచ్చింది, నా దాకా వచ్చింది.

"నాకెందుకు చెప్పారండీ?" అన్నాను ఏడుపు గొంతుతో. "ముద్ర వేసిచ్చారు, తీసుకుని వెళ్లిపోయేదాన్ని కదా!"

"నా పని అదేనమ్మా," అన్నాడు, కాస్త నొచ్చుకుని. ఆ పుస్తకంలో రెండు పేజీలకు అడక్కుండానే నకలు తీసిచ్చాడు.

*

ఇంటికొచ్చేసరికి నా కూతురు పెట్టె సర్దుతోంది. మేజోళ్లు, మట్టి నలిపే చిన్న రోలు, నేను కుట్టిచ్చిన దోమతెర.

"ఏం డిటెక్టివ్‌గారూ, దొరికిందా రుజువు?"

నా సంచిలో రెండు మడతలున్నాయి. చెయ్యి ఎర్రగీతల మడత మీదికే వెళ్లింది. అబద్ధం చెప్పడం లేదు కదా, ముద్ర ఉన్న కాగితం చూపిస్తున్నానంతే అని నాకు నేనే చెప్పుకున్నాను.

అది మూడు పేజీలూ నిలబడే చదివింది. మళ్లీ చదివింది. ముద్రను వేలితో రుద్ది చూసింది. మొహంలో వెటకారం పోయింది.

"పందొమ్మిదేళ్లా?" అంది.

నేను తల ఊపాను.

"ముగ్గురూ?"

మళ్లీ ఊపాను. అది పెట్టె మూత దించి, దానిమీదే కూర్చుంది. వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. 

"సరేలేమ్మా. ఒట్టేశానుగా. వెళ్లను."

నేను గెలిచాను. ఇన్నేళ్లలో నా భయం నిజమని ఒక మనిషి ఒప్పుకోవడం అదే మొదటిసారి. నా బిడ్డ లేచి, నా మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్లింది.

"టీ తాగుతావా?" అని అడిగింది.

గిన్నె పెట్టిన చప్పుడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. గడపలోంచి చూస్తే దాని వీపు కనిపించింది, వంగిన మెడ, పొయ్యి మీద నీలం మంట. నీళ్లు ఇంకా వేడెక్కలేదు, ఆవిరి కూడా లేదు. నాకు మాత్రం పొగ కనిపించింది.

"ఆర్పెయ్!" అని అరిచాను.

"ఏమైంది? గ్యాస్ లీకా?" అది ఉలిక్కిపడి వెంటనే తిప్పేసింది. నా ఇంట్లో పెరిగిన పిల్ల, మొదట అదే అడుగుతుంది.

రెండో మడత దాని చేతిలో పెట్టి, పొయ్యి రూలూ గుర్రం మీద వచ్చే ఉద్యోగి సంగతీ చెప్పాను. వంటింటి గట్టుకానుకుని చదివింది. మధ్యలో పైకి చదవడం మొదలుపెట్టింది. "మా వాళ్ల కబురేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను." నాలుగోసారికి ఆపేసింది.

"ఇది నీకు పొద్దున్నే తెలుసా?"

"మధ్యాహ్నం తెలిసింది."

"మరి ఇందాక?"

"నేనేమీ చెప్పలేదు. చూపించానంతే."

"అమ్మా!" అంది, కొట్టడానికి వచ్చినట్టు. నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "అక్కడ ఇళ్లు కట్టగానే తీసుకెళ్తానమ్మా. ఇప్పుడు కుటుంబాల్ని రానివ్వరు. ఒక్క ఏడాది. ఇళ్లు లేవగానే."

మొదటి పంట రాగానే అని వాళ్లూ అనే ఉంటారు. ఆ మాట నేను అనలేదు. దోమతెర మడత సరిగా పెట్టలేదని పెట్టె తెరిచి మళ్లీ సర్దాను. పాము కాటుకు మందు, కాలిన గాయాలకు మందు, విరేచనాలకు మందు, పిడుగుకు మందు లేదు కాబట్టి రబ్బరు చెప్పులు.

*

స్టేషనులో రైలు కదిలాక నేను చెయ్యి ఊపలేదు. పట్టాల వైపు చూశాను, ఏదైనా వదులుగా ఉందేమోనని.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. మిగతా రోజుల్లో సిగ్నలుండదు. ఆరు రోజులు కాజాలు కుట్టి, మెట్లెక్కి, తాళం తీసి, ఎవరూ లేరని తెలిసినా చెప్పులు చప్పుడు కాకుండా విప్పుతాను. పక్కింటివాళ్ల రేడియో గోడలోంచి మసకగా వినిపిస్తుంది. ఒక పిడికెడు బియ్యం పోస్తే గిన్నె అడుగు కూడా నిండదు.

ఆదివారం ఫోను మోగగానే అటునుంచి దాని మొదటి మాట, "పొగ ఉందా?"

"ఉంది."

"గుర్రం కట్టేసి రాసుకుంటున్నాను, ఉండు. ఇంకేమైనా అడగాలా?"

ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చు. మొదటి నెలల్లో అలాగే చేశాను, అడిగితే దాని మనసు కష్టపెట్టినట్టవుతుందని. తర్వాత ఆ పుస్తకం గుర్తొచ్చింది. పదకొండేళ్ల తర్వాత ఒక నెల అడక్కుండా ఊరుకున్న ఆ మనిషి గుర్తొచ్చింది. భయపడ్డానికి నాకు తెలియని కొత్త సంగతి ఏదైనా ఉంటే అదే, నేను అడగడం మానేసే రోజు.

"ఎప్పుడొస్తున్నావే?"

అటు గాలి చప్పుడు. గుడారం గుడ్డ కొట్టుకుంటున్నట్టుంది. తాళ్లు గట్టిగా కట్టారో లేదో.

"ఇంకా తెలీదమ్మా. పునాదులే లేవలేదు."

"సరే. వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతాను."